పిల్లలతో యుద్ధభూములు చూడబోతున్న మేనకోడలికి

స్రవంతీ,

అమెరికా అంతర్యుద్ధం జరిగిన చోట్లు చూడ్డానికి నువ్వు పంపిన ప్లాన్ చూశానమ్మా. నాలుగు రోజులు, ఏడు యుద్ధభూములు, మధ్యలో ఒక వాటర్ పార్క్. వాటర్ పార్క్ ఉంచు, మిగతాదాంట్లో సగం కొట్టెయ్. గెటీస్‌బర్గ్‌తో మొదలుపెట్టడం మాత్రం అస్సలు వద్దు. అందరూ అక్కడికే ముందు పరిగెడతారు, పెద్ద మైదానం, ఎటు చూసినా ఫిరంగులు, వెయ్యికి పైగా స్మారక చిహ్నాలు, సాయంత్రానికల్లా పిల్లలకి తలనొప్పి, ఇంటికొచ్చాక ‘ఉత్తరాది వాళ్ళు గెలిచారు’ అన్న ముక్క తప్ప ఇంకేదీ గుర్తుండదు.

ఇన్నేళ్ళుగా వచ్చిన చుట్టాలందరినీ తిప్పుతున్నాను కాబట్టి చెప్తున్నా. ఏ యుద్ధభూమిలో నిలబడినా ఎవరు గెలిచారు, ఎంతమంది పోయారు అన్నది తర్వాత. మర్నాటికి ఏం మారిందో ముందు అడగండి. నిన్నటిదాకా చేయగలిగిన ఏ పని ఇవాళ చేయలేకపోయారు, ఏ నది చేతులు మారింది, ఏ రైలు మార్గం తెగింది, వాషింగ్టన్‌లోనో లండన్‌లోనో ఎవరు ఆలోచన మార్చుకున్నారు. వీటికి జవాబు దొరకని చోట అరగంట చాలు, అది ఎంత పేరున్న చోటైనా సరే.

మీ ఇంటికి దగ్గర్లోనే ఉంది కదా మనాసస్, అక్కడ మొదలుపెట్టండి. బయల్దేరే ముందు కారులోనే పిల్లలకి కాస్త నేపథ్యం చెప్పు. 1861 ఏప్రిల్ 12న చార్లెస్టన్ రేవులో ఫోర్ట్ సమ్టర్ కోట మీద, దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల ఫిరంగులు పేలాయి, అధ్యక్షుడు లింకన్ 75,000 మందిని సైన్యంలోకి పిలిచాడు, అదీ మూడు నెలలకే. అంటే అంతలో అయిపోతుందని లెక్క. జులై 21న మనాసస్ దగ్గర మొదటి పెద్ద యుద్ధం జరుగుతుంటే వాషింగ్టన్ నుంచి కొందరు తినుబండారాల బుట్టలతో బండ్లు కట్టుకుని చూడ్డానికి వచ్చారంటే చూడు. పొద్దున ఉత్తరాదిదే పైచేయి. షెనాండోవా లోయ నుంచి దక్షిణాది బలగాలు రైలెక్కి వచ్చి కలవడంతో మధ్యాహ్నానికి కథ తిరగబడింది. మర్నాడే అమెరికన్ కాంగ్రెస్ 5 లక్షల మంది వాలంటీర్లకి అనుమతి ఇచ్చింది. హెన్రీ హిల్ మీద నడుస్తూ ఇది చెప్తే చాలు, ఎవరి గుర్రం ఎక్కడ నిలబడిందో మీకెందుకు?

రెండో రోజు మొత్తం యాంటీటమ్‌కి ఇవ్వు. మేరీల్యాండ్‌లో షార్ప్స్‌బర్గ్ ఊరి పక్కన. నన్నడిగితే తూర్పు వైపు ఒక్కటే చూసే టైమ్ ఉంటే ఇదే చూడాలి. 1862 సెప్టెంబర్ 17, ఒక్క రోజులో రెండు వైపులా కలిపి చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, గల్లంతైనవాళ్ళు దాదాపు 23,000. పల్లపు బాట దగ్గర పరిశీలన టవర్ ఉంటుంది, దాన్ని ఎక్కితే జొన్నచేను, చర్చి, వాగు అన్నీ ఒక చూపులో కనపడతాయి. (జొన్నచేను అని నోటికొచ్చేసింది, అది మొక్కజొన్న.) యుద్ధం చూస్తే తేలలేదు. దక్షిణాది జనరల్ లీ సైన్యం వెనక్కి తగ్గి పొటోమాక్ నది దాటి వెళ్ళిపోయింది, ఉత్తరాది జనరల్ మెక్లెల్లాన్ వెంటపడలేదు. లీ ఆజ్ఞల కాగితం ఒకటి మూడు చుట్టలకి చుట్టి ఫ్రెడరిక్ ఊరి దగ్గర పడి ఉంటే అది ఉత్తరాది సైనికులకే దొరికింది, అంత చేతికొచ్చినా మెక్లెల్లాన్ ఇంతే చేశాడు. పిల్లలకి ఈ చుట్టల కథ బాగా నచ్చుతుంది, చెప్పడం మర్చిపోకు.

మర్నాటి సంగతి కావాలంటే ఇక్కడే ఉంది. బానిసల విముక్తి ప్రకటన లింకన్ జులైలోనే రాసి పెట్టుకున్నాడు. ఓడిపోతూ ప్రకటిస్తే దిక్కుతోచక చేసినట్టు ఉంటుంది, ఒక్క గెలుపు రానీయమని మంత్రి సీవార్డ్ ఆపాడు. యాంటీటమ్‌లో లీ వెనక్కి తగ్గడాన్నే ఆ గెలుపుగా తీసుకుని, ఐదు రోజులకి, సెప్టెంబర్ 22న, ప్రకటన బయటికొచ్చింది, 1863 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అటు లండన్‌లో అప్పటిదాకా బ్రిటిష్ ప్రభుత్వం మధ్యవర్తిత్వం చేద్దామా, దక్షిణాదిని దేశంగా గుర్తిద్దామా అని ఊగిసలాడుతోంది. దక్షిణాది ఆశంతా పత్తి మీదే. తమ పత్తి లేకపోతే ఇంగ్లండ్ మిల్లులు మూతపడతాయి, వాళ్ళే దిగొస్తారని నమ్మారు. మిల్లులు నిజంగానే చాలా ఆగాయి. కానీ ఆ కొరతలో మన దేశపు పత్తికి ధర ఎగబాకింది, మన గుంటూరు వైపు పత్తి కాకినాడ రేవులో ఓడలెక్కింది. ఇది మీ నాన్నకి ఫోన్‌లో చెప్పు, సంతోషిస్తాడు. బానిసత్వం తీసేస్తామని ఒక పక్షం బాహాటంగా చెప్పాక రెండో పక్షానికి కొమ్ము కాయడం బ్రిటన్‌కి కష్టమైపోయింది.

ఒక మెలిక కూడా చెప్పు పెద్దాడికి, వాడికి పన్నెండేళ్ళు కదా, అర్థం చేసుకుంటాడు. యాంటీటమ్ ఉన్న మేరీల్యాండ్‌లోని బానిసలకి ఆ ప్రకటన వర్తించలేదు, ఎందుకంటే ఆ రాష్ట్రం తిరగబడలేదు. అక్కడ విముక్తి 1864 నవంబర్‌లో, వాళ్ళ సొంత రాజ్యాంగం మార్చుకున్నాక వచ్చింది.

ఇప్పుడు అసలు గొడవ. మీరుండేది వర్జీనియా కాబట్టి యుద్ధమంతా ఇక్కడే జరిగిందనిపిస్తుంది. మ్యాప్ తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచి పడమటి నదుల్ని చూపించు. 1862 ఫిబ్రవరిలో గ్రాంట్ అనే పెద్దగా ఎవరికీ తెలియని ఉత్తరాది జనరల్ టెన్నెసీ నది మీద ఫోర్ట్ హెన్రీని, పదిరోజులకి కంబర్లాండ్ నది మీద ఫోర్ట్ డొనెల్సన్‌ని పట్టుకున్నాడు. చచ్చినవాళ్ళ లెక్కలో ఇవి చిన్నవే. కానీ ఆ నెలాఖరుకి టెన్నెసీ రాజధాని నాష్‌విల్ దక్షిణాది చేజారిపోయింది, రెండు నదులూ దక్షిణాది గుండెల్లోకి దారి తెరిచాయి. ఆ తలుపు మళ్ళీ పూర్తిగా మూయడం వాళ్ళ వల్ల కాలేదు.

విక్స్‌బర్గ్ మాత్రం విమానం ఎక్కైనా వెళ్ళాల్సిన చోటు. ఈ ట్రిప్‌లో వద్దు, విడిగా పెట్టుకోండి. మిసిసిపీ నది వంపు మీద గుట్టపైన ఊరు, కింద పోయే ప్రతి పడవా దాని ఫిరంగుల కిందే పోవాలి. చలికాలమంతా గ్రాంట్ కాలువలు తవ్వించి, బురదలో దారులు వెతికించి విసిగిపోయాడు. చివరికి 1863 ఏప్రిల్ 16 రాత్రి నౌకలు ఫిరంగుల ముందు నుంచే దూసుకుపోయాయి, సైన్యం అవతలి ఒడ్డున నడిచి కిందికెళ్ళింది, నెలాఖరున నది దాటింది. దాటాక తిన్నగా విక్స్‌బర్గ్ మీదికి రాలేదు చూడు, ముందు తూర్పున జాక్సన్ ఊరు పట్టుకుని రైలు మార్గం తెంపి, అప్పుడు పడమరకి తిరిగాడు. ఊరి మీదికి రెండుసార్లు దాడి చేసి దెబ్బతిన్నాక ముట్టడే గతి అయింది. 47 రోజులు. జనం గుట్టల్లో గుహలు తవ్వుకుని బతికారు. జులై 4న దాదాపు 29,000 మంది లొంగిపోయారు, కొద్ది రోజులకి నది మీద మిగిలిన కోట పోర్ట్ హడ్సన్ కూడా పోయింది, టెక్సస్, ఆర్కన్సా, లూసియానా వైపంతా మిగతా దక్షిణాది నుంచి తెగిపోయింది. అక్కడ యాజూ నది నుంచి పైకి తీసిన కైరో అనే ఇనుప కవచపు నౌక ఉంది, పిల్లల్ని ముందు దాని దగ్గరికే తీసుకెళ్ళు. 1876లో మిసిసిపీ దారి మార్చుకుని ఊరికి దూరంగా జరిగిపోయింది, ఇవాళ గుట్ట మీంచి కనపడే నీళ్ళని చూసి అదే అసలు నది అనుకోవద్దు.

గెటీస్‌బర్గ్ చివరికి పెట్టుకో. చూడొద్దని కాదు, మూడు రోజుల్లో 50,000 మంది దాకా నేలకూలిన, గాయపడిన, గల్లంతైన చోటు, ఊరికే దాటేయడానికి మనసు రాదు. లైసెన్స్ ఉన్న గైడ్‌ని ముందే బుక్ చెయ్, వాళ్ళే మీ కారు నడుపుతూ చూపిస్తారు, ఆ డబ్బు దండగ కాదు. కాకపోతే ‘యుద్ధం ఇక్కడితో తేలిపోయింది’ అంటే తల ఊపకండి. లీ ఆ తర్వాత ఇంకో 21 నెలలు పోరాడాడు. ఉత్తరాది నేల మీద మళ్ళీ అంత పెద్ద దండయాత్ర చేసే శక్తి పోయింది, అది నిజం, అంతవరకే.

ఓడిన యుద్ధం కూడా ఒకటి చూపించు. ఫ్రెడరిక్ పక్కనే మొనోకసీ, హైవే దిగితే వచ్చేస్తుంది. 1864 జులై 9న ఉత్తరాది జనరల్ వాలెస్ ఓడిపోయాడు, కానీ వాషింగ్టన్ మీదికి పోతున్న దక్షిణాది జనరల్ ఎర్లీ సైన్యాన్ని ఒక రోజు ఆపాడు, ఆ రోజులోనే రాజధానికి బలగాలు అందాయి.

అట్లాంటా సంగతి మీ ఆడపడుచు ఇంటికి వెళ్ళినప్పుడు చూసుకోండి. అల్ఫారెటా నుంచి కెనసా కొండ దగ్గరే, వాళ్ళు అక్కడికి ఊరికే వాకింగ్‌కి పోతుంటారు, అది యుద్ధభూమి అని ఎంతమందికి తెలుసో మరి. 1864 వేసవి ఉత్తరాదికి ఎంత గడ్డు కాలమంటే, ఆగస్టు 23న లింకన్ తను మళ్ళీ గెలవనేమోనని ఒక కాగితం మీద రాసి, మడిచి, మంత్రుల చేత చదవకుండానే సంతకాలు పెట్టించాడు. ఆయన మీద పోటీకి దిగింది ఎవరనుకున్నావ్, యాంటీటమ్‌లో వెంటపడని ఆ మెక్లెల్లానే. సెప్టెంబర్ 2న ఉత్తరాది జనరల్ షెర్మన్ అట్లాంటాని పట్టుకున్నాడు, దాంతో గాలి మారింది. నవంబర్‌లో లింకన్‌కి 212 ఎలక్టోరల్ ఓట్లు, మెక్లెల్లాన్‌కి 21.

నీ లిస్టులో ఉన్న ఫ్రెడరిక్స్‌బర్గ్, చాన్సలర్స్‌విల్ రెండూ తీసెయ్. లీ అద్భుతంగా గెలిచాడు, గెలిచి ఏం సాధించాడంటే చెప్పడానికి పెద్దగా లేదు. ఆ ఒక్క పూట పీటర్స్‌బర్గ్‌కి ఇవ్వు. తొమ్మిది నెలలకి పైగా గ్రాంట్ అక్కడ చేసింది ప్రధానంగా రైలు మార్గాలు ఒక్కొక్కటే తెంపడం. పై తూము మూసేస్తే కింది పొలం ఎండినట్టు దక్షిణాది రాజధాని రిచ్‌మండ్ ఎండిపోయింది. చివరి మార్గం 1865 ఏప్రిల్ 2న తెగింది, వారానికి అపమాటాక్స్‌లో లీ లొంగిపోయాడు. లొంగిపోయిన ఇల్లు మెక్లీన్ అనే ఆయనది, మొదట్లో ఆయన కాపురం మనాసస్‌లో, మొదటి యుద్ధంలో ఆయన ఇంట్లోనే దక్షిణాది జనరల్ మకాం.

ఇంకొకటి. దారిలో ఎవరో ఒకరు ‘ఈ యుద్ధం బానిసత్వం గురించి కాదు, రాష్ట్రాల హక్కుల గురించి’ అంటారు. వాదన పెట్టుకోకు, టైమ్ వేస్ట్. మిసిసిపీ రాష్ట్రం విడిపోతూ రాసుకున్న ప్రకటన పెద్దాడి చేత చదివించు, మొదట్లోనే తమ వైఖరి బానిసత్వంతో ముడిపడి ఉందని వాళ్ళే రాసుకున్నారు. అప్పటికి దాదాపు 40 లక్షల మంది బానిసలు. యుద్ధం ముగిసేలోపు దాదాపు 1,80,000 మంది నల్లజాతి సైనికులు ఉత్తరాది వైపు చేరారు. యుద్ధం తర్వాత 1868లో వచ్చిన 14వ సవరణ ఈ నేల మీద పుట్టినవాళ్ళకి పౌరసత్వం ఇచ్చింది, హెచ్‌వన్ వీసా మీద ఉండగా నీకు పుట్టిన చిన్నదానికి అమెరికా పాస్‌పోర్ట్ వచ్చింది దాని చలవే.

జులైలో మాత్రం పోకండి, ఎండకి మాడిపోతారు. అక్టోబర్ బాగుంటుంది. గడ్డిలో పిల్లలకి పొడుగు ప్యాంట్లు వెయ్యి, రాత్రికి పిడుదులు (టిక్స్) పట్టాయేమో చెవుల వెనకా మోకాళ్ళ కిందా చూడు. యాంటీటమ్ రోజు భోజనం ఇంటి నుంచే కట్టుకెళ్ళండి, పులిహోర చాలు. విక్స్‌బర్గ్ టికెట్లు కొనేముందు నాకు ఫోన్ చెయ్, మీ అత్తయ్య కూడా వస్తానంటోంది.

మామయ్య