తాతగారి పెట్టెలో రివాల్వర్: నూరేళ్లు దాటితే లైసెన్సు అక్కర్లేదా?

ప్రశ్న: ఈమధ్య మా తాతగారు పోయారు. ఆయన ట్రంకు పెట్టె అడుగున గుడ్డలో చుట్టిన పాత రివాల్వర్ దొరికింది. ఎక్కడా కంపెనీ పేరు లేదు. ట్రిగ్గర్ చుట్టూ కడ్డీ లేదు, ట్రిగ్గరే ముందుకు మడుచుకుంటుంది. సిలిండర్ వెనక అంచున ఆరు చిన్న గాట్లున్నాయి. ఒకచోట కోడిగుడ్డు ఆకారపు గీతలో 'ఈఎల్‌జీ' అనే ఇంగ్లిషు అక్షరాలు, కింద నక్షత్రం కనిపిస్తున్నాయి. నూరేళ్లు దాటిన తుపాకీకి లైసెన్సు అక్కర్లేదని మా అన్నయ్య అంటున్నాడు. శుభ్రం చేసి గోడకు తగిలించుకోవచ్చా?

జవాబు: ముందుగా, దాన్ని ఇంకెవరి చేతికీ ఇవ్వకండి, ట్రిగ్గర్ నొక్కి చూడకండి. కారణం మీరు చెప్పిన ఆ ఆరు గాట్లలోనే ఉంది.

వర్ణనను బట్టి అది 'పిన్‌ఫైర్' రివాల్వర్. ఈ రకం తూటాకు పక్కన చిన్న మేకు పొడుచుకొచ్చి ఉంటుంది. సిలిండర్ అంచున గాట్లు ఆ మేకు బయటికి రావడానికే. రివాల్వర్‌లోని సుత్తి దాని మీద పడితే తూటా పేలుతుంది. సుత్తే పడాలని లేదు, గట్టి దెబ్బ ఏది తగిలినా చాలు. ఈ పద్ధతిని ఫ్రాన్సులో లెఫోషో కుటుంబం ప్రచారంలోకి తెచ్చింది, వాళ్ల 1854 నమూనా రివాల్వర్ బాగా పేరుపొందింది. మడుచుకునే ట్రిగ్గర్ జేబులో పెట్టుకునే చిన్న రకాల్లో కనిపించే ఏర్పాటు.

ఇక ఈఎల్‌జీ. దీన్ని తయారీదారు పేరనుకుని చాలామంది పొరబడతారు. అది బెల్జియంలోని లీజ్ నగరపు పరీక్షాకేంద్రం ముద్ర. గొట్టం మందు ఒత్తిడికి తట్టుకుందని చెప్పే గుర్తు, అంతే. ఆ ఊళ్లో చిన్న చిన్న పనివాళ్లు పేరు వేయకుండానే తుపాకులు చేసేవారు కాబట్టి కంపెనీ పేరు లేకపోవడం వింతేమీ కాదు. గుడ్డు ఆకారం పైన కిరీటం ఉందో లేదో మీరు రాయలేదు. 1893 నుంచి కిరీటం చేర్చారు. అది లేకపోతే మీ రివాల్వర్ అంతకు ముందుది.

అంటే వయసు విషయంలో మీ అన్నయ్య మాట నిజమే కావచ్చు. చట్టం విషయంలో కాదు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 3 ప్రకారం తుపాకీ ఉంచుకోవాలంటే లైసెన్సు ఉండాలి. సెక్షన్ 45(సి)లో మినహాయింపు ఉంది: కాలం చెల్లిన నమూనా, పురాతన విలువ గలది, పాడైపోయినది. అందరూ ఇక్కడితో చదవడం ఆపేస్తారు. ఆ వాక్యం అక్కడ అయిపోలేదు. 'మరమ్మతు చేసినా, చేయకపోయినా తుపాకీగా పనికిరానిది' అయి ఉండాలి అని కూడా ఉంది. కాబట్టి నూరేళ్లదైనా, చిన్న స్ప్రింగు మారిస్తే పేలేదైతే మినహాయింపు దక్కుతుందనుకోవద్దు. ఈ తూటాలు ఇప్పుడు బజారులో దొరకవు కదా అనే వాదన నేనే కోర్టులో చేస్తాను, కానీ దాని మీద భరోసా పెట్టుకుని ఇంట్లో ఉంచుకోమని మాత్రం చెప్పను. పనికొస్తుందా లేదా అన్నది తేల్చాల్సింది ఆయుధ నిపుణుడు, మనం కాదు. 1972 పురావస్తువుల చట్టంలో నూరేళ్ల లెక్క ఉంది, నిజమే. మీ అన్నయ్య విన్నది బహుశా అదే. ఆయుధాల లైసెన్సుకూ దానికీ సంబంధం లేదు.

లైసెన్సు లేకుండా ఉంచుకుంటే, 2019 సవరణ తర్వాత, శిక్ష రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. ఆయుధం ఉందని తెలిసి ఉంచుకుంటేనే నేరమని 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పెట్టె తెరిచిన రోజు వరకూ ఆ రక్షణ మీకుంది. నాకు ఉత్తరం రాశాక తెలియదనే మాట చెల్లదు.

శుభ్రం చేయడం గురించి అడిగారు. వద్దు. తుప్పు వదిలించబోయి ఉప్పుకాగితంతో రుద్దితే నంబరో ముద్రో చెరిగిపోవచ్చు. గుర్తులు చెరిపేయడం సెక్షన్ 8 కింద నిషిద్ధం. పైగా చెరిగిన గుర్తులతో తుపాకీ ఎవరి దగ్గర దొరికితే, కాదని రుజువయ్యే దాకా వాళ్లే చెరిపారని చట్టం భావిస్తుంది. ఫొటో పెట్టి అమ్మజూపడం ఇంకా పెద్ద తప్పు, లైసెన్సు లేని అమ్మకానికి ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా ఉంది.

చేయాల్సింది ఇది. పెట్టెలోనే తాతగారి పాత లైసెన్సు పుస్తకం ఉందేమో వెతకండి. దొరికితే అందులోని వర్ణన, నంబరు తుపాకీతో సరిపోల్చండి. సరిపోతే వారసులుగా మీరు లైసెన్సుకు దరఖాస్తు చేయవచ్చు. మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదని రాతపూర్వకంగా తీసుకోండి. వారసత్వంగా వచ్చినదైనా ఒక మనిషికి మొత్తం రెండు తుపాకుల పరిమితి దాటకూడదు.

పుస్తకం దొరికినా దొరకకపోయినా, ఆలస్యం చేయకుండా సెక్షన్ 21 కింద పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేయాలి. మీరే సంచిలో వేసుకుని బయల్దేరకండి. ముందు ఫోను చేసి, ఎప్పుడు ఎలా దొరికిందో రాసిన అర్జీ సిద్ధం చేసుకుని, వాళ్లనే వచ్చి తీసుకోమనండి. పెట్టెలో తూటాలుంటే వాటి సంగతీ అందులోనే రాయండి, వాటికీ లైసెన్సు కావాలి. అర్జీలో 45(సి) ప్రకారం నిపుణుడితో పరీక్ష చేయించాలని కోరండి. తుపాకీగా పనికిరాదని తేలితే అప్పుడు గోడ సంగతి ఆలోచించవచ్చు.

రశీదు తీసుకునేటప్పుడు 'పాత రివాల్వర్ ఒకటి' అని రాస్తే ఒప్పుకోకండి. ఈఎల్‌జీ ముద్ర, మడత ట్రిగ్గర్, ఆరు గాట్లు, కనిపించే ప్రతి నంబరూ అందులో ఎక్కించమనండి. రేపు తిరిగి అడిగినప్పుడు అది మీదేనని చూపడానికి ఆ వివరాలే ఆధారం.