హంతకుడు ఆఖర్లో ఊడిపడినట్టుంటే

మీ హత్య నవల చివర్లో అకౌంటెంటే హంతకుడని తేలగానే చదివినవాళ్ళు "ఇతనా? ఎందుకు?" అన్నారని రాశారు. మీరు పెట్టిన సారాంశంలో ఆధారాలకేం లోటు లేదు. కానీ అరెస్టయ్యేదాకా అతను ఒక్క అబద్ధమూ ఆడలేదు, లోపం అక్కడుంది.

నవల పక్కన పెట్టి, హత్యకు వారం ముందు నుంచి అరెస్టు దాకా అతనేం చేశాడో అతని వైపు నుంచి గంటలవారీగా రాసుకోండి. రెండు పేజీలు చాలు. ఎవరికి ఏం తెలిసిపోయిందని భయపడుతున్నాడో అందులో తేలుతుంది. ఆ భయం నుంచి పుట్టిన చిన్న అబద్ధాన్ని మొదటి మూడోవంతులోనే పెట్టండి. ఎవరూ అడక్కుండానే చెప్పిందైతే ఇంకా మేలు. నిర్దోషుల చేత కూడా అబద్ధమాడించండి: చీటీ డబ్బు వాడుకున్నందుకో, ఆ రాత్రి ఇంట్లో లేనందుకో. లేకపోతే అబద్ధమాడినవాడొక్కడే కాబట్టి ఇట్టే దొరికిపోతాడు. చిన్నప్పుడు తండ్రి కొట్టిన ఫ్లాష్‌బ్యాక్ మాత్రం తీసేయండి, అరిగిపోయింది.

ఇక కేసు దర్యాప్తు చేసే మీ ఎస్సై. హత్య కేసు దర్యాప్తు మన దగ్గర మామూలుగా సీఐ చేతిలో ఉంటుంది. పైగా నాలుగు తగిలించి రాబట్టిందే కాదు, పోలీసుల దగ్గర చేసిన ఏ ఒప్పుకోలూ కోర్టులో నిలవదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 23. నిందితుడు చెప్పిన మాట వల్ల వస్తువేదైనా దొరికితే, ఆ మేరకే ఆ మాట పనికొస్తుంది. అందుకే మధ్యవర్తుల (సాక్షులుగా పోలీసులు పిలిచిన బయటివాళ్ళ) ఎదుట కత్తి దొరికే సీన్ రాయండి. అరెస్టు చేశాక 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఆ తొందర దర్యాప్తు చేసే అధికారి ప్రశ్నల్లో కనబడితే కేకలు అక్కర్లేదు.