టెక్ సందేహాలు: బిజినెస్ మెయిల్ గంటల తరబడి ఆలస్యమవుతోందా?

ప్రశ్న: గుంటూరులో మాది మిర్చి ఎగుమతి వ్యాపారం. కంపెనీ డొమైన్ పేరుతోనే మెయిల్ వాడుతున్నాం. కొంతకాలంగా జీమెయిల్ వాడే పాత కొనుగోలుదారులకు మా ధరల పట్టికలు, ఇన్‌వాయిస్‌లు మూడు నాలుగు గంటల తర్వాత అందుతున్నాయి. హోస్టింగ్ కంపెనీని అడిగితే సర్వర్ బాగానే ఉందంటున్నారు. లోపం ఎక్కడ?

జవాబు: సర్వర్ నిజంగానే బాగుండి ఉండవచ్చు. దెబ్బతిన్నది మీ డొమైన్‌కో, మీ మెయిళ్లు బయలుదేరే ఐపీ అడ్రస్‌కో ఉన్న పరపతి అనిపిస్తోంది. అనుమానం వచ్చినప్పుడు జీమెయిల్ మెయిల్‌ను పూర్తిగా తిప్పికొట్టకుండా ‘కాసేపాగి మళ్లీ పంపు’ అంటూ 4తో మొదలయ్యే కోడ్ ఇస్తుంది. ఎక్కువగా కనిపించేవి 421, 451. అప్పుడు మీ సర్వర్ ఆ మెయిల్‌ను క్యూలో పెట్టుకుని కొంత వ్యవధి తర్వాత మళ్లీ పంపుతుంది. ఇలా కొన్నిసార్లు జరిగేసరికి పూట గడిచిపోతుంది. మీ ‘సెంట్’ ఫోల్డర్‌లో మాత్రం ఎప్పుడో వెళ్లిపోయినట్టే ఉంటుంది. కోడ్ 5తో మొదలైతే అది శాశ్వత తిరస్కరణ. మీ మెయిళ్లు ఇంకా ఆ దశకు చేరలేదు కాబట్టి ఇప్పుడే మేలుకోవడం మంచిది.

ముందు ఆలస్యం ఎక్కడ జరుగుతోందో రుజువు చేసుకోండి. కంపెనీ ఖాతా నుంచి మీ సొంత జీమెయిల్‌కు ఒక మెయిల్ పంపి, అది వచ్చాక ‘షో ఒరిజినల్’ తెరవండి. పంపిన ఎంతసేపటికి చేరిందో పైనే ఉంటుంది. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందా అని తేల్చే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పరీక్షల ఫలితాలూ అక్కడే ఉంటాయి. కింద ‘రిసీవ్డ్’ అనే వరుసలను కింది నుంచి పైకి చదవాలి. మీ సర్వర్ మెయిల్‌ను తీసుకున్న సమయానికీ గూగుల్ సర్వర్ స్వీకరించిన సమయానికీ మధ్య గంటల తేడా ఉంటే క్యూలో ఆగినట్టే. ఒక వరుసలో మన సమయం, మరో దానిలో అమెరికా సమయం ఉంటాయి. ఆ తేడా సరిచేసుకుని లెక్కించండి.

తర్వాత హోస్టింగ్ వారిని సర్వర్ బాగుందా అని కాదు, ఫలానా తేదీన ఫలానా చిరునామాకు పంపిన మెయిల్ డెలివరీ లాగ్ ఇవ్వండని అడగండి. అది మీకు అందాల్సిన సమాచారమే, ఇచ్చేదాకా వదలకండి. గూగుల్ ఇచ్చిన కోడ్ పక్కనే చాలాసార్లు కారణం కూడా ఉంటుంది.

పరపతి ఊరికే పడిపోదు. ఎవరి పాస్‌వర్డో దొంగల చేతికి చిక్కి మీ ఖాతా నుంచి స్పామ్ వెళ్తుండవచ్చు. వెబ్‌సైట్‌లోని సంప్రదింపు ఫారాన్ని ఎవరైనా దుర్వినియోగం చేస్తుండవచ్చు. కొనుక్కొచ్చిన చిరునామాల జాబితాకు మీరే ధరల పట్టిక పంపి ఉండవచ్చు. ఆ పని చేసి ఉంటే ఈ రోజే ఆపేయండి, దానికి మినహాయింపు లేదు. చవక షేర్డ్ హోస్టింగ్‌లో ఇంకో చిక్కుంది: అదే ఐపీ నుంచి ఇంకెవరో పంపే చెత్తకు మీరూ మూల్యం చెల్లిస్తారు. కారణం అదే అని తేలితే ఐపీ మార్చమనండి, లేదా మెయిల్‌ను వేరే సేవకు తరలించండి.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు మెయిల్ పంపే ప్రతి డొమైన్‌కూ ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ తప్పనిసరి. రోజుకు 5000కు మించి పంపేవారికైతే డీమార్క్ సహా మూడూ ఉండాలి. మీరు అంత పంపకపోయినా మూడూ పెట్టుకోండి. మీ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే జాబితాయే ఎస్‌పీఎఫ్ రికార్డు. ఒకే డొమైన్‌కు అలాంటివి రెండు ఉంటే ఆ పరీక్ష విఫలమవుతుంది. ఒక రికార్డు కోసం జరిగే డీఎన్‌ఎస్ (ఇంటర్నెట్ చిరునామాల పట్టిక) వెతుకులాటలూ 10 దాటకూడదు. ఇన్‌వాయిస్‌లు పంపే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఎస్‌పీఎఫ్ రికార్డులో చేర్చడం చాలామంది మరచిపోతారు. డీమార్క్‌ను మొదట ‘నన్’ (పరీక్షలో తప్పిన మెయిళ్లపై ఏ చర్యా వద్దు)తో పెట్టి, నివేదికలు చూశాకే కఠినం చేయండి.

ఇక కోలుకోవడానికి ఓపిక కావాలి. కొన్ని వారాలు ప్రచార మెయిళ్లు ఆపి, మీతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపేవారికే రాయండి. తర్వాత ప్రచారానికి విడిగా సబ్‌డొమైన్ వాడండి. గ్రహీతల్లో స్పామ్ అని ఫిర్యాదు చేసేవారు 0.1 శాతం లోపే ఉండాలి, 0.3 శాతానికి ఎప్పుడూ చేరకూడదు. ఆలస్యమైందని అదే మెయిల్‌ను మళ్లీ మళ్లీ పంపితే అనుమానం పెరుగుతుందే తప్ప పని జరగదు. విసిగిపోయి కొత్త డొమైన్‌కు మాత్రం మారకండి. చరిత్ర లేని డొమైన్‌ను సర్వర్లు ఇంకా గట్టిగా అనుమానిస్తాయి. పైగా తెలియని చిరునామా నుంచి ఇన్‌వాయిస్ వస్తే విదేశీ కొనుగోలుదారు మోసమేమోనని డబ్బు ఆపేస్తాడు. అలా ఆపడం న్యాయమే కూడా.

ప్రశ్న: మా ఆఫీసు ఐపీ స్పామ్‌హౌస్ జాబితాలో ఉందట. డబ్బిస్తే తీయిస్తామని ఒకరు ఫోన్ చేశారు. ఇవ్వవచ్చా? (హైదరాబాద్)

జవాబు: ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. స్పామ్‌తో ముడిపడిన ఐపీల జాబితాలు నిర్వహించే సంస్థ స్పామ్‌హౌస్. పేరు తొలగించడానికి అది డబ్బు తీసుకోదు. ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఐపీ వెతికి ఏ జాబితాలో ఉందో చూడండి. పీబీఎల్ అనే జాబితాలో ఉంటే కంగారు వద్దు. నేరుగా మెయిల్ సర్వర్ నడపకూడని బ్రాడ్‌బ్యాండ్ ఐపీలను అందులో చేరుస్తారు, అది నేరారోపణ కాదు. మీ మెయిల్ ప్రోగ్రామ్‌లో పోర్ట్ 587 ఎంచుకుని, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో పంపేలా మార్చుకుంటే చాలు. స్పామ్‌కు మూలమని గుర్తించిన ఐపీలుండే ఎస్‌బీఎల్ జాబితాలో ఉంటే తొలగింపు అభ్యర్థన మీ ఇంటర్నెట్ సంస్థ నుంచే వెళ్లాలి, అదీ స్పామ్‌కు మూలకారణాన్ని సరిచేశాకే.