ఒక్క నాబ్‌తో గమకం పలుకుతుందా?

ప్రశ్న: కీబోర్డు మీద గమకాలు పలికించాలని, అటైనీ85 చిప్ ఉన్న చిన్న యూఎస్‌బీ బోర్డుకి ఒక నాబ్ కలిపి పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ వంచే) కంట్రోలర్ చేశాను. నా లాప్‌టాప్‌లో పనిచేస్తోంది, తమ్ముడి దాంట్లో అసలు గుర్తించదు. జారు వాయిస్తే మెట్లు దిగుతున్నట్టు వినిపిస్తోంది. చేయి తీసినా స్వరం వణుకుతోంది. పెద్ద బోర్డు కొనాలా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: అక్కర్లేదండీ, గమకానికి ఈ చిప్పే చాలు. ముందు ఆ మెట్ల సంగతి చూద్దాం, అసలు విషయం అక్కడే ఉంది. మీరు 0 నుంచి 127 దాకా విలువలే పంపుతున్నట్టున్నారు. పిచ్ బెండ్ మామూలుగా కిందికి రెండు, పైకి రెండు సెమీటోన్లు (పక్కపక్క కీల మధ్య దూరం ఒక సెమీటోన్, అంటే 100 సెంట్లు), మొత్తం 400 సెంట్లు. దాన్ని 128 ముక్కలు చేస్తే ఒక్కో మెట్టు 3 సెంట్లు దాటుతుంది, నిదానంగా జారితే చెవికి దొరికిపోతుంది. కానీ పిచ్ బెండ్‌కి 16,384 విలువలున్నాయి, మీ చిప్ నాబ్‌ని 1,024 మెట్లుగా చదవగలదు. చదివినదాన్ని 16తో గుణించి, రెండు బైట్లుగా విడదీసి పంపండి. మెట్టు 0.4 సెంటుకి తగ్గుతుంది, జారు నున్నగా వస్తుంది.

వణుకుకి నాబ్ మధ్య కాలు నుంచి గ్రౌండ్‌కి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, విలువ కనీసం రెండు మారితేనే పంపేలా రాయండి. నాబ్ బదులు, వదిలితే మధ్యకి వచ్చే చిన్న జాయ్‌స్టిక్ అయితే ఇంకా మేలు, వేలు తీయగానే స్వరం తన స్థానానికి వచ్చేస్తుంది. మధ్యలో కొంచెం మేర ఎటు కదిలినా 8,192 (సరిగ్గా మధ్య విలువ) అనే పంపండి.

ఇక లాప్‌టాప్ గొడవ. ఈ చిప్‌లో యూఎస్‌బీ హార్డ్‌వేర్ లేదు, ప్రోగ్రామే నెట్టుకొస్తుంది, అదీ లో-స్పీడ్ అనే యూఎస్‌బీ నిదానపు వేగంలో. యూఎస్‌బీ మిడికి (వాద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాషే మిడి) కావలసిన, బల్క్ అనే డేటా పంపే పద్ధతి లో-స్పీడ్‌లో నిబంధనలకి విరుద్ధం, అందుకే ఒక కంప్యూటర్ ఊరుకుంటే ఇంకోటి తోసేస్తుంది. నా మాట విని ఐదు పిన్నుల పాత మిడికి మారండి. ఒట్టి చిప్ తీసుకుని, క్లాక్‌ని కచ్చితంగా నడిపే 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ తగిలించండి (లోపలి క్లాక్ 10 శాతం దాకా తప్పుతుంది, మిడి ఒప్పుకునేది ఒక్క శాతమే), ఆర్డునో ఊనో బోర్డు ఉంటే దాన్నే ప్రోగ్రామర్‌గా వాడొచ్చు. క్రిస్టల్‌కి రెండు కాళ్లు పోయినా మీకు జాయ్‌స్టిక్‌కి ఒకటి, మిడికి ఒకటే కదా కావాలి. మిడి వేగం 31,250 బాడ్‌లో (సెకనుకి అన్ని బిట్లు) ఒక సందేశానికి పట్టేది దాదాపు ఒక మిల్లీసెకను. అక్కడి నుంచి యూఎస్‌బీ-మిడి కేబుల్‌తో ఇద్దరి లాప్‌టాప్‌లకీ కలపొచ్చు.