బండి ఆయన ప్లేటు 50 నుంచి ఎందుకు దిగడు?

అన్నా, అనంతపురంలో మీ వీధి చివర ఉగ్గాని (బజ్జీతో తినే బొరుగుల ఉప్మా) బండి గురించి అడిగారు కదా. ప్లేటు 50, ఖర్చు 20 దాటదు, 30కి ఇస్తే కూలికి పోయేవాళ్లూ తింటారు, అయినా తగ్గించడు, పిచ్చోడా అని. పిచ్చోడేం కాదు.

ఉదాహరణకు 50కి వంద ప్లేట్లు పోతున్నాయనుకోండి. ప్లేటుకు 30 చొప్పున 3,000 మిగులు. 30కి దించితే 180 పోతాయి, ప్లేటుకు మిగిలేది పదే, మొత్తం 1,800. కొత్తగా వచ్చిన 80 మంది తెచ్చేది 800. కానీ ఎలాగూ 50 ఇచ్చే ఆ వందమంది దగ్గర 2,000 పోయింది! అసలు చిక్కు ఇక్కడే ఉంది: కొత్తవాళ్లకు తగ్గిస్తే పాతవాళ్లకూ తగ్గించాల్సిందే.

మిగిలింది పదిన్నర తర్వాత సగం ధరకు ఇవ్వొచ్చుగా అంటారేమో. అప్పటికి బొరుగులు మెత్తబడి ముద్దవుతాయి, అది వేరే సంగతి. నాలుగు రోజులు అలా ఇస్తే ఆఫీసు వాళ్లు కూడా పదిన్నరకే వస్తారు.

1849లోనే డ్యుపుయి అనే ఫ్రెంచి ఇంజనీరు దీన్ని పట్టుకున్నాడు. రైల్లో మూడో తరగతి పెట్టెకు పైకప్పు వేయనిది ఖర్చుకు జడిసి కాదు, రెండో తరగతికి డబ్బు పెట్టగలిగినవాళ్లు అందులో ఎక్కకూడదని అన్నాడు. మన సినిమా హాళ్లలో నేల టికెట్ గుర్తుందా?

మీరు ఆయనకు చెప్పదలిస్తే, బజ్జీ లేకుండా హాఫ్ ప్లేటు 25కి పెట్టమనండి. బజ్జీ లేనిదే ముద్ద దిగనివాళ్లు 50కే ఉంటారు. లేదంటే ఎదురుగా ఇంకో బండి పడాలి, అప్పుడు ఆయనే దిగొస్తాడు.