మీ లెక్కలో అమ్మ వాటా ఏది?

"మేడమ్, నాకు 41 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉంటున్నాను. పుట్టిల్లు జగిత్యాల దగ్గర ఒక ఊరు. నాన్న పద్నాలుగేళ్లు మస్కట్‌లో పనిచేసి, ఆ డబ్బుతో రెండెకరాల ఇరవై గుంటలు కొన్నాడు. నిరుడు గుండెపోటుతో పోయాడు. వీలునామా ఏదీ రాయలేదు. పోయిన నెల నాన్న సంవత్సరీకం అయింది. ఆ రాత్రి అందరం ఇంట్లోనే ఉన్నాం. తమ్ముడు టీవీలో 'బలగం' పెట్టాడు. నేను అంతకుముందు చూడలేదు. ఏళ్ల తరబడి పుట్టింటికి దూరమైన కూతురు తండ్రి శవం దగ్గరికి వచ్చి ఏడుస్తుంటే నేను ఆపుకోలేకపోయాను. అన్న కూడా ఏడ్చాడు, నా తల మీద చెయ్యి వేశాడు. తెల్లారి టీ తాగుతుంటే అదే అన్న ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. భూమిలో నాకు వాటా వద్దని రాసి ఉంది. అమ్మ వేలిముద్ర అప్పటికే ఉంది. 'మళ్లీ చూసి చెప్తా' అన్నాను. 'రాత్రి ఏడ్చింది ఉత్తదేనా మరి?' అన్నాడు. అమ్మ ఏమీ అనకుండా లేచి వంటింట్లోకి పోయింది. అప్పటి నుంచి తమ్ముడు ఫ్యామిలీ గ్రూపులో రోజూ ఆ సినిమా పాట పెడుతున్నాడు, కింద 'భూమి కాదు, బంధాలు ముఖ్యం' అని రాస్తున్నాడు. మా ఆయనేమో 'మూడో వంతు నీది, వదలకు' అంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అంత ఏడ్చినదాన్ని సంతకం పెట్టనంటే నాది దొంగ ఏడుపేనా? వాటా అడగడం తప్పా? ఆ సినిమా చూసినవాళ్లెవరైనా నన్ను తప్పు పట్టరా?"

అమ్మా, కాదు. తప్పు కాదు. పడితే పట్టనివ్వండి. మీరడిగిన మూడు ప్రశ్నలకూ జవాబులు ఇవే. వీటి గురించి ఇంకో రాత్రి నిద్ర పాడుచేసుకోకండి.

మీ ఉత్తరాన్ని పైన కుదించి ఇచ్చాను. అసలుది నాలుగు పేజీలు ఉంది. అన్నాతమ్ముళ్ల గురించి రెండు పేజీలకు పైగా రాశారు. సినిమా గురించి ఒక పేజీ. మీ ఆయన గురించి అరపేజీ. మీ అమ్మ గురించి, జబ్బుల మాట పక్కన పెడితే, రెండే వాక్యాలు: వేలిముద్ర అప్పటికే ఉంది, లేచి వంటింట్లోకి పోయింది. ఆ రెండు వాక్యాల దగ్గరే నేను ఆగిపోయాను. మీ కష్టమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

ముందు సినిమా సంగతి. 2023 మార్చిలో 'బలగం' వచ్చినప్పుడు తెలంగాణ ఊళ్లలో తెరలు కట్టి, ఊరంతా కింద కూర్చుని చూశారు. ఏళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు ఆ సినిమా చూసి కలిసిపోయారని పత్రికల్లో వార్తలు వచ్చాయి. నేనూ చూశాను, నేనూ ఏడ్చాను. ఆ ఇల్లు ఎక్కడ విరిగిందో గుర్తుచేసుకోండి. భోజనాల దగ్గర, నల్లి బొక్క కోసం, అంటే మూలుగున్న ఎముక ముక్క కోసం. ఇంటి అల్లుడికి జరగాల్సిన మర్యాద జరగలేదు, ఆ కోపంలో ఒక ఆడబిడ్డ ఇరవై ఏళ్లు పుట్టింటి గడప తొక్కలేదు. పెద్దాయన పోయాక పిండాన్ని కాకి ముట్టలేదు. ఎందుకు ముట్టలేదు? బిడ్డలు కలిసి లేరని. మీ అన్నగారు ఆ కథను 'ఆడపిల్ల తన వాటా వదులుకోవాలి' అని చదువుకున్నారు. నేను మాత్రం అందులో ఆడబిడ్డను పుట్టింటికి దూరం చేసుకున్న ఇంటి శోకాన్ని చూశాను. ఇద్దరం చూసింది ఒకటే సినిమా.

మీ తమ్ముడు రోజూ గ్రూపులో పెడుతున్న పాట కొమురమ్మ, మొగిలయ్య దంపతులు పాడిందే అనుకుంటాను. మొగిలయ్య గారు 2024 డిసెంబరులో కన్నుమూశారు. చావు జరిగిన ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, పోయినవాడి తరఫున మాట్లాడటం ఆ పాట పని. అది కొడుకులనూ అడుగుతుంది, బిడ్డనూ అడుగుతుంది. దాన్ని ఒక్క చెల్లెలికో అక్కకో గురిపెట్టి పంపితే ఆ పాటకే అన్యాయం.

మీ అన్నగారి కన్నీళ్లు అబద్ధమని నేను అనను. తండ్రి పోయి ఏడాదైన రోజు, తండ్రి చావు చుట్టూ తిరిగే సినిమా. ఏ కొడుకైనా ఏడుస్తాడు. మీ తల మీద వేసిన చెయ్యి నిజమైనదే. ఆ కాగితం మాత్రం ఆ రాత్రి పుట్టింది కాదు. తెల్లారి టీ వేళకే అమ్మ వేలిముద్రతో సిద్ధంగా ఉందంటే, అది సంవత్సరీకానికి ముందే రాయించినది. వాళ్ల అవసరమూ నాకు తెలుసు. నాన్నగారి పేరు మీద ఉన్న భూమికి విరాసత్ కావాలంటే, అంటే రికార్డుల్లో వారసుల పేర్లు ఎక్కాలంటే, వారసులందరి సంగతీ తేలాలి. పాసుపుస్తకంలో పేరు మారకపోతే పంట రుణం దగ్గర అవస్థ. సేద్యం చేసేవాడికి అది నిజమైన ఇబ్బందే. అన్న ఆ మాటే చెప్పి, 'చెల్లే, ఏం చేద్దాం?' అని కూర్చుని అడిగి ఉంటే ఈ ఉత్తరం నా దాకా వచ్చేది కాదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఎకరానికి నలభై గుంటలు, రెండెకరాల ఇరవై గుంటలంటే వంద గుంటలు. మీ నాన్నగారు సొంత సంపాదనతో కొన్నారు, వీలునామా లేకుండా పోయారు. ఆడపిల్లకు హక్కు 2005లో కొత్తగా వచ్చిందని చాలామంది అనుకుంటారు. 2005లో కూతుర్ని కొడుకుతో సమానం చేసింది పిత్రార్జితంలో. తండ్రి స్వార్జితం విషయంలో 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే భార్యకూ కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా ఇచ్చింది. మీ ఇంట్లో వారసులు ఎంతమంది? అన్న, తమ్ముడు, మీరు, మీ అమ్మ. నలుగురు. ఒక్కొక్కరికి పాతిక గుంటలు.

మీ అన్నదమ్ములు రెండు వాటాలు లెక్కపెట్టారు. మీ ఆయన మూడు లెక్కపెట్టారు. 'మూడో వంతు' అన్న మాటను మీరు కూడా ఎక్కడా ఆగి చూడకుండా నాకు రాసి పంపారు. అమ్మ పాతిక గుంటలు ముగ్గురు పిల్లల్లో ఒక్కరి లెక్కలోనూ లేవు.

ఇది మిమ్మల్ని నొప్పించాలని రాయడం లేదు. మీ ఉత్తరం మొత్తంలో ఒక కోపం ఉంది, అది అన్న మీద అనుకుంటున్నారు. అన్న కాగితం పెట్టినందుకు కాదు, అమ్మ నోరు విప్పనందుకు మీకు నిద్ర పట్టడం లేదు. 'నా బిడ్డ వాటా ఎందుకు అడుగుతారు' అని ఒక్క మాట అనలేదే అన్నది మీ బాధ. కానీ ఆ మాట అనాల్సిన మనిషి అప్పటికే తన వాటా మీద వేలిముద్ర వేసి కూర్చుని ఉంది. తనకంటూ ఏమీ మిగుల్చుకోని తల్లి మీ తరఫున ఏమని మాట్లాడుతుంది? రేపటి నుంచి ఆ ఇంట్లోనే, ఆ కోడళ్ల చేతి అన్నమే తినాలి. వంటింట్లోకి పోవడం ఒక్కటే ఆమె చేతిలో ఉన్న పని.

మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్తాను. మా అమ్మ తన పుట్టింటి కాగితం మీద వేలిముద్ర వేసిన రోజు నాకు పదకొండేళ్లు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. బొటనవేలికి అంటిన నీలం సిరా పోవాలని దారి పొడవునా కొంగుతో తుడుస్తూనే ఉంది. ఊరొచ్చేసరికి కొంగు నీలమైంది, వేలు అలాగే ఉంది. ఏమైందమ్మా అంటే 'ఏం లేదు, మామయ్యకు అవసరమైంది' అంది. ఆ కాగితంలో ఏముందో ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదని పెద్దయ్యాక తెలిసింది. ఆ చీర ఆమె మళ్లీ కట్టగా నేను చూడలేదు. ఆ రోజు నేనేమైనా అడిగి ఉంటే చెప్పేదేమో. చిన్నదాన్ని, అడగలేదు. మీరు చిన్నవారు కాదు.

అందుకని, సంతకం పెట్టకండి. అలాగని పెట్టనని పోట్లాటకూ దిగకండి. గ్రూపులో ఒక్క ముక్క రాయకండి. పాటకు జవాబుగా పాట పెట్టడం, మీ ఆయన చేత అన్నకు ఫోన్ చేయించడం అసలే వద్దు. ఇంటి అల్లుడు భూమి మాట ఎత్తితే మీ ఊళ్లో ఏమంటారో మీకు తెలుసు. ఇది మీకూ మీ అమ్మకూ మధ్య మొదలవ్వాలి.

వెళ్లి అమ్మను మీ ఇంటికి తెచ్చుకోండి. పది రోజులకు. సంవత్సరీకం అయిపోయింది కాబట్టి ఇల్లు కదలకూడదనే మాట ఎవరూ అనలేరు. వచ్చిన రోజే అడగకండి. రెండు రోజులు తిననివ్వండి, నిద్రపోనివ్వండి, మనవళ్లతో ఉండనివ్వండి. తర్వాత ఒక మధ్యాహ్నం, మీ ఆయన ఆఫీసుకు పోయాక, పక్కన కూర్చుని రెండే ప్రశ్నలు అడగండి. 'అమ్మా, ఆ కాగితంలో ఏముందో నీకు చదివి వినిపించిన్రా?' 'నాన్న పోయినంక నీ పేరు మీద ఏమున్నది?' అంతే. నువ్వెందుకు మాట్లాడలేదని మాత్రం అడగకండి. ఎవరి వైపున్నావని అసలే అడగకండి. కొడుకులకూ కూతురికీ మధ్య ఒకరిని ఎంచుకోమని తల్లిని అడిగేవాళ్లంటే నాకు గిట్టదు, ఆ అడిగేది కూతురైనా సరే.

ఆమె ఏడవొచ్చు. కోప్పడొచ్చు. 'నాకెందుకు బిడ్డా భూమి, ఎన్నాళ్లుంటా' అనొచ్చు. ఆ మాట మా అమ్మా అనేది. ఆ మాట తర్వాత ఇంకా ముప్పై ఏళ్లు ఉంది.

కాగితం సంగతికి వస్తే, దాని ఫొటో మీ దగ్గర లేకపోతే అడిగి తెప్పించుకోండి. అడగడంలో తప్పేమీ లేదు, అది మీ సంతకం కోసం రాసిందే. జగిత్యాలలో ఒక వకీలుకు చూపించండి. వకీలు ఫీజు భారమనుకుంటే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు అక్కడ న్యాయ సహాయం ఉచితం. స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రం చెల్లాలంటే రిజిస్టర్ కావాలి. కాబట్టి ఉత్త కాగితం మీద వేలిముద్ర పడినంత మాత్రాన అమ్మ వాటా పోయిందని భయపడకండి. అయినా మీ కాగితం ఎలాంటిదో చూసి చెప్పాల్సింది వకీలే.

ఇక మీ పాతిక గుంటలు. ఉంచుకుంటారో, అన్నదమ్ములకు వదిలేస్తారో, అమ్మ పేరు మీదే పెడతారో, అది మీ ఇష్టం. మీరు మనసారా వదులుకుంటే నేను కాదనను. కానీ సినిమా చూసి ఏడ్చారు కాబట్టి వదులుకోవాలంటే మాత్రం ఒప్పుకోను. ఏడ్చిన మనిషి చేత మరునాడు పొద్దున్నే సంతకం అడగడం పద్ధతి కాదు. పెళ్లప్పుడు కట్నం ఇచ్చాం కదా అని వదిన అన్నట్టు కూడా రాశారు. కట్నం వెళ్లింది మీ అత్తింటికి. దాన్ని మీ వాటా అనడం తప్పు.

అమ్మ వాటా విషయంలో మాత్రం మీకు ఇష్టాయిష్టాలు లేవంటాను. అది ఆమె బతికున్నంతకాలం ఆమె పేరు మీదే ఉండాలి. దాని కోసం మీరు గట్టిగా నిలబడితే అన్న ముందు మీ మాటకు వేరే బలం వస్తుంది. 'నా వాటా' అన్నప్పుడు తల తిప్పుకున్నవాళ్లు 'అమ్మ వాటా' అన్నప్పుడు వినక తప్పదు.

దీనికి ఇంకో సగం ఉంది, అది మీకు నచ్చకపోవచ్చు. హక్కులో సమానమైన కూతురు బాధ్యతలోనూ సమానమే. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కొడుకులతో పాటు కూతుళ్లనూ కలిపే రాసింది. చట్టం రాయకపోయినా నా మాట అదే. మీ ఉత్తరంలో అమ్మకు బీపీ, షుగర్ ఉన్నాయని ఒక మూల రాశారు. మందులు ఎవరు తెస్తున్నారో రాయలేదు. అన్నే తెస్తున్నాడని నా అనుమానం. ఈ నెల నుంచి అవి మీరు తీసుకోండి. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు, నెలకు సరిపడా కొని బస్సులో పంపడం ఎంత పని? ఏడాదికి మూడు నెలలు అమ్మ మీ దగ్గర ఉండేలా చూడండి. మీ ఆయన 'మూడో వంతు వదలకు' అన్నారు కదా, అత్తగారికి ఇంట్లో ఒక మంచం వెయ్యడానికి ఏమంటారో ఈ రోజే కనుక్కోండి. దసరాకో దీపావళికో వచ్చిపోయే కూతురుగా ఉండి, భూమి దగ్గర మాత్రం వారసురాలినంటే మీ వదిన నోరు ఎవరూ మూయించలేరు.

రేపే బస్సెక్కండి. వెళ్లేది అమ్మను తెచ్చుకోవడానికి, ఆ మాట అన్నకు ముందే ఫోన్ చేసి మామూలుగా చెప్పండి. కాగితం ఊసెత్తితే 'అమ్మ వచ్చి పోయినంక మాట్లాడుకుందాం అన్నా' అనండి. మందుల చీటీ, ఆధార్ కార్డు, కళ్లజోడు సంచిలో పెట్టించండి. పది రోజుల తర్వాత అమ్మ ఏమందో నాకు రాయండి. ఈసారి అమ్మ గురించి రెండు వాక్యాలు కాదు, పేజీలకు పేజీలు రాయండి, చదువుతాను.