బ్యాలే స్కూల్ పంపిన జాబితా అంతా చేయించాలా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాం. మా అమ్మాయికి 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. ఆరేళ్లుగా బ్యాలే నేర్చుకుంటోంది. వచ్చే ఏడాదికని స్కూల్ వాళ్లు పెద్ద జాబితా పంపారు. డిసెంబరులో నట్‌క్రాకర్ బ్యాలే ప్రదర్శన, బయటి టీచర్ల మాస్టర్ క్లాసులు, పోటీకి ఒక సోలో, వేసవిలో 5 వారాల ఇంటెన్సివ్, అంటే రోజంతా సాగే శిక్షణ. ఖర్చు చూసి మావారు గుండె పట్టుకున్నారు. కూచిపూడి గురువుగారేమో వచ్చే వేసవిలోనే రంగప్రవేశం అంటున్నారు. ఏది ఉంచాలి, ఏది వదలాలి? కాలేజీ అడ్మిషన్‌కి ఏది పనికొస్తుంది? టీచర్ ఏమీ అనలేదు గానీ, పిల్ల ఈమధ్య కాస్త బొద్దుగా అయిందని రాత్రిపూట అన్నం మాన్పించాను. ఫర్వాలేదా?

జవాబు: మీ చివరి మాటకే ముందు జవాబు చెప్తానమ్మా. ఫర్వాలేదు కాదు. ఈ రాత్రి నుంచే పిల్లకి అన్నం పెట్టండి. ఈ వయసులో ఒళ్లు రావడం జబ్బు కాదు, ఎదుగుదల. వారంలో నాలుగైదు రోజులు గంటల తరబడి డ్యాన్స్ చేసే పిల్లకి తిండి తగ్గిస్తే మొదట నీరసం వస్తుంది. తర్వాత నెలసరి తప్పుతుంది. ఆపైన పాదాల్లో, కాళ్లలో ఎముకలు సన్నగా చిట్లడం మొదలవుతుంది. డ్యాన్స్ చేసే అమ్మాయిల్లో, పరుగు పందేల అమ్మాయిల్లో డాక్టర్లు ఎప్పటినుంచో చూస్తున్నదే ఇది. ఎముక గట్టిపడేది కూడా ముఖ్యంగా ఈ వయసులోనే, ఇప్పుడు తగ్గితే తర్వాత పూడ్చుకోవడం కష్టం. టీచర్ ఏమీ అనలేదని మీరే రాశారు. మరి అన్నదెవరు? రోజూ స్టూడియోలో అద్దం ముందు నిలబడే పిల్లకి ఇంట్లో మీరు ఇంకో అద్దం కావాలా? కోప్పడుతున్నానని అనుకోకండి. కాదు, కోప్పడుతూనే ఉన్నాను. తనకి నెలసరి మొదలై, ఈమధ్య సరిగ్గా రాకపోతే మాత్రం ఈ జాబితా అంతా పక్కన పెట్టి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక జాబితా. ఇలాంటి ప్రశ్నలు నాకు ఏటా వస్తాయి. బ్యాలే బదులు ఒకరికి ఈత, ఒకరికి వయొలిన్, అంతే తేడా. పైకి ఏది మంచిదని అడుగుతారు. లోపలి భయం మాత్రం ఒకటే: మనం వద్దన్న ఆ ఒక్క అవకాశమే పిల్ల జీవితాన్ని మార్చేదేమో అని. ఆ భయం పెట్టుకోకండి. 13వ ఏట ఒక పోటీ తప్పిపోయినంత మాత్రాన ఎవరి దారీ మూసుకుపోదు. పిల్లలు డ్యాన్స్ మానేసేది దెబ్బలు తగిలి, లేదా విసుగొచ్చి. అంటే తక్కువ చేసి కాదు, ఎక్కువ చేసి.

నట్‌క్రాకర్‌కి సందేహించకుండా సరే అనండి. 1892లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టిన బ్యాలే ఇది. 1954లో న్యూయార్క్‌లో నృత్యదర్శకుడు బాలన్‌షీన్ తన బ్యాలే బృందానికి కూర్చిన రూపంలో, ఆయన స్థాపించిన స్కూల్ ఆఫ్ అమెరికన్ బ్యాలే పిల్లలే ఇప్పటికీ చిన్న పాత్రలు వేస్తారు. మీ ఊరి స్కూల్ ప్రదర్శన అంత పెద్దది కాకపోవచ్చు, కానీ పిల్ల నేర్చుకునేది అదే. వరుసలో పక్కమ్మాయితో సమానంగా చెయ్యి ఎత్తడం, స్టేజీ పక్కన చీకట్లో నిలబడి సంగీతం లెక్కపెట్టుకోవడం, మధ్యాహ్నం షో అయ్యాక జుట్టు ముడి విప్పకుండానే లెక్కల హోంవర్క్ పూర్తి చేసి సాయంత్రం మళ్లీ అంతే హుషారుగా స్టేజీ ఎక్కడం. ఇవి ఏ మాస్టర్ క్లాసూ నేర్పదు. కోరుకున్న పాత్ర రాలేదని ఏడిస్తే మాత్రం మీరూ కూర్చుని ఏడవకండి. పిల్లల పాత్రల్లో చాలావాటికి ఎత్తు చూసి ఎంచుతారు, ఎందుకంటే ఆ బట్టలు ఎప్పుడో కుట్టి ఉంటాయి. అది ప్రతిభ మీద తీర్పు కాదు.

నాకు అనుమానమంతా ఆ పోటీ సోలో మీదే. ఇప్పుడు అందరూ దాని వెనకే పడుతున్నారు. యూత్ అమెరికా గ్రాండ్ ప్రీ అనే బ్యాలే పోటీ 1999లో మొదలైంది, 9 నుంచి 19 ఏళ్ల వాళ్లు పాల్గొంటారు. పేరున్న స్కూళ్ల వాళ్లు జడ్జీలుగా వస్తారు, స్కాలర్‌షిప్పులూ ఇస్తారు. 16, 17 ఏళ్లొచ్చి, ఏ స్కూల్‌కి వెళ్లాలో తేల్చుకున్న పిల్లకి అది నిజంగానే మంచి దారి. 13 ఏళ్ల పిల్లకి ఏం జరుగుతుందో చూడండి. రెండు నిమిషాల ముక్క ఒకటి పట్టుకుని నెలల తరబడి అదే చేయిస్తారు. ఆ ముక్క డాన్ కిహోటే బ్యాలేలో నాయిక కిత్రిదో మరొకటో, పూర్తిగా తయారైన బాలరీనాల కోసం కూర్చినది. కాలి వేళ్ల కొసల మీద నిలబడే పాయింట్ షూస్ వేసుకోవడం మామూలుగా 11, 12 ఏళ్లు దాటాకే మొదలవుతుంది. అంటే మీ అమ్మాయి ఆ షూస్ మీద నిలబడి మహా అయితే ఏడాదో రెండేళ్లో అయి ఉంటుంది. కాలు చెవి దాకా లేస్తే ఫొటో బాగుంటుంది, నిజమే. కానీ ఆ కాలు ఎత్తడానికి నడుము పక్కకి వాలిపోతుంటే, మోకాలు వంగుతుంటే అది తప్పు అలవాటు, తర్వాత మాన్పించడానికి ఏళ్లు పడుతుంది. దీనికి తోడు విడిగా కోచింగ్ ఫీజు, ఎంట్రీ ఫీజు, టుటు అనే బ్యాలే గౌను, హోటల్. ఆ డబ్బులో కొంత పెట్టి తనకి కొలత సరిగ్గా చూసి కొత్త షూస్ కొనండి. లోపలి అట్ట మెత్తబడిపోయిన షూస్‌తో లాగించేస్తున్న పిల్లలు చాలామంది ఉన్నారు.

వేసవి ఇంటెన్సివ్ గురించి కూడా ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. జనవరి, ఫిబ్రవరిలో ఆడిషన్లు జరుగుతాయి. ఛాతీకి నంబరు పెట్టుకుని పిల్లలు పట్టుకుని సాధన చేసే కమ్మీ (బార్) దగ్గర నిలబడతారు, తల్లిదండ్రులు బయట కారిడార్‌లో ఫోన్లు చూసుకుంటూ బీపీ పెంచుకుంటారు. సీటు వచ్చిందంటే గొప్ప ప్రతిభ ఉందని చాలామంది అనుకుంటారు. చాలా స్కూళ్లకి వేసవి ఫీజులు పెద్ద ఆదాయం, అందుకని సీటు వచ్చినంత మాత్రాన పొంగిపోకండి, రాకపోతే కుంగిపోకండి. అడగాల్సింది ఇది: రోజూ ఎవరు నేర్పుతారు, ఒక్కో క్లాసులో ఎంతమంది, దెబ్బ తగిలితే చూసే ఫిజియో ఉన్నారా. మొదటిసారికి రెండు మూడు వారాలు చాలు. న్యూయార్క్‌లోనే చూసుకోండి, ఎడిసన్ నుంచి అక్కడి పెన్ స్టేషన్‌కి రైల్లో గంట లోపో గంటో ప్రయాణం, డార్మిటరీ ఖర్చు మీకెందుకు? ఎవరో ఒకరు తోడు వెళ్లి రండి.

మాస్టర్ క్లాసులకి తను అడిగితే పంపండి, లేకపోతే లేదు.

రంగప్రవేశం, ఇంటెన్సివ్ ఒకే వేసవిలో వద్దే వద్దు. కూచిపూడిలో అరమండి, బ్యాలేలో ప్లియే, రెండూ మోకాళ్లు వంచి చేసేవే, బరువంతా వాటి మీదే. దానికి తోడు ఇటు గట్టి నేల మీద అడుగులు, అటు గెంతులు. ఎత్తు పెరుగుతున్న వయసులో ఈ రెండింటినీ కాళ్లు మోయలేవు. రెండు గంటలు ఒక్కతే చేయాలి, తరంగంలో పళ్లెం అంచు మీద నిలబడాలి, ఆ ఓపిక 16 ఏళ్లకి ఇంకా బాగా ఉంటుంది. హాలు బుకింగ్, కార్డులు, నాలుగు వందల మందికి భోజనాలు... ఈ తొందర పిల్లదా, మీదా? గురువుగారికి ఫోన్లో నసగకుండా ఎదురుగా కూర్చుని చెప్పండి. బ్యాలే కోసం కూచిపూడి మానేస్తుందేమోనని ఆయనా భయపడుతూ ఉండొచ్చు, మానదని చెప్పండి.

కాలేజీ మాటకొస్తే, చాలా కాలేజీలకి ఒకటే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో పిల్ల వ్యాపకాలు రాయడానికి ఉండేవి 10 గళ్లు. బ్యాలేకి వచ్చేది అందులో ఒకటి, కూచిపూడికి ఒకటి. పతకం ఉందా అన్నదానికంటే ఇన్నేళ్లు వదలకుండా చేసిందన్నదే అక్కడ బాగా కనిపిస్తుంది. డ్యాన్స్‌లోనే డిగ్రీ కావాలంటే ఇండియానా, యూటా, బట్లర్ యూనివర్సిటీల్లో బ్యాలే కోర్సులున్నాయి, ఆడిషన్ పెడతారు. దానికి పనికొచ్చేది కూడా రోజువారీ క్లాసే. బ్యాలే బృందాల్లో ఉద్యోగాలు చాలా తక్కువ, మొదట్లో ట్రైనీలుగా జీతం లేకుండా చేసేవాళ్లు చాలామంది. అది 18 ఏళ్ల నాటి లెక్క, ఇప్పటినుంచే మీ వారికి టెన్షన్ వద్దు. లెక్కలు, సైన్స్ మాత్రం వదలనివ్వకండి. డ్యాన్స్ చేసినవాళ్లు ఫిజియోథెరపీలోకి వెళ్లడం మామూలే, దానికి సైన్స్ కావాలి.

స్కూల్ వాళ్ల గడువు దగ్గర పడుతుంటే ఇప్పటికి నట్‌క్రాకర్ ఫారం ఒక్కటే నింపి పంపండి. పోటీ గురించి వచ్చే ఏడాది చూస్తామని చెప్పండి. ఇంటెన్సివ్ సంగతి డిసెంబరు షోలు అయిపోయి, పిల్ల వారం రోజులు కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయాక తననే అడగండి.